దానముచేత తీఱని ఋణము

మన విశాఖపట్టణమున ఏ దిక్కునకు నడచినను ఏదో యొక పెద్ద కంపెనీ పేరు కంటబడక మానదు. బస్సు నిలుచు చోటి పందిరిమీద నొక పేరు, పాఠశాల ప్రహరీమీద నొక పేరు, మంచినీటి కుళాయిమీద నొక పేరు, కంటి వైద్యశిబిరపు గుడ్డమీద మఱియొక పేరు. ఆ పేరు క్రింద "సామాజిక బాధ్యతా నిధులనుండి" యను మాట యుండును. ఎండలో నిలిచినవానికి నీడయు, దప్పిగొన్నవానికి నీరును ఎవరిచ్చినను మేలే. ఇచ్చినవారిని మేము నిందింపము. కాని యొక ప్రశ్న నడుగవలసి యున్నది. బాధ్యత యన నేమి? లాభములో నూటికి రెండు పాళ్లు పంచిపెట్టుట బాధ్యతయా? తక్కిన తొంబదియెనిమిది పాళ్లు ఏ విధముగ నార్జింపబడినవో ఇరుగుపొరుగు జనులకు లెక్క చెప్పుట బాధ్యతయా? మొదటిదానిని చూపి రెండవదానిని మఱపించు నలవాటు మన దేశమున ప్రబలుచున్నది. దీనిని పట్టణవాసులు సకాలమున గుర్తింపకున్నచో, ఇకముందు వచ్చు కర్మాగారములతో మనము చేసికొను ఒడంబడికలన్నియు ఈ భ్రాంతిమీదనే కట్టబడును.

ముందుగా చట్టమేమి చెప్పుచున్నదో చూతము. 2013 నాటి కంపెనీల చట్టములోని 135వ సెక్షను 2014 ఏప్రిల్ 1వ తేదీనుండి అమలులోనికి వచ్చెను. 500 కోట్ల రూపాయల నికరాస్తియో, 1,000 కోట్ల వ్యాపారమో, 5 కోట్ల నికరలాభమో గల కంపెనీ, గడచిన మూడు సంవత్సరముల సగటు లాభములో నూటికి రెండు వంతులు విద్య, వైద్యము, పరిసరముల రక్షణ మున్నగు కార్యములకు వెచ్చింపవలెనని దాని సారాంశము. తాను పనిచేయు ప్రాంతమునకు ప్రాధాన్యమీయవలెననియు అందు గలదు. ఇట్టి విధిని శాసనమున వ్రాసిన మొదటి దేశములలో మనది యొకటి. ఇంతవరకు అందఱును ఎఱుగుదురు. కాని యా సెక్షను క్రింద చేసిన నియమములలో, ముఖ్యముగా 2021లో సవరింపబడిన నియమములలో, మఱియొక మాట కలదు. ఇతర చట్టములచేత కంపెనీపై నిదివఱకే మోపబడిన విధులను నెఱవేర్చుటకైన ఖర్చు సామాజిక బాధ్యత క్రింద లెక్కకు రాదు. తన పొగగొట్టమునకు వడపోత యమర్చుకొనుట, తన మురుగునీటిని శుద్ధిచేసికొనుట ఔదార్యము కాదు. అవి ముందే తీర్పవలసిన బాకీలు. శాసనకర్తలు దానమును, ఋణమును వేర్వేఱు పద్దులలో వ్రాసిరి. వానిని కలిపి చదువుచున్నది మనము. కలిపి చదువుటకు వీలుగ ప్రకటనలు వేయుచున్నది వారు.

ఆ చట్టములోనే 166వ సెక్షను గలదు. డైరెక్టరు తన కంపెనీకిని, వాటాదారులకును మాత్రమే గాక, ఉద్యోగులకును, సమాజమునకును మేలు కలుగునట్లును, పరిసరముల రక్షణకొఱకును సద్బుద్ధితో వర్తింపవలెనని యది శాసించుచున్నది. ఇది రెండు పాళ్లకు సంబంధించిన విధి కాదు. ప్రతి నిర్ణయమునకు, ప్రతి దినమునకు సంబంధించిన విధి. 135వ సెక్షను పేర శిలాఫలకములు వెలసినవి. 166వ సెక్షను పేర ఏ గోడమీదను ఏ ఫలకమును లేదు.

ఈ భేదము న్యాయవాదుల వాగ్వాదమునకు మాత్రమే పనికివచ్చునది కాదు. విశాఖపట్టణపు నైసర్గిక స్థితిని తలచుకొన్నవారికి దీని ప్రాముఖ్యము బోధపడగలదు. ఒకవైపున కైలాసగిరి, సింహాచలము కొండల వరుస, దక్షిణమున యారాడ కొండ, తూర్పున సముద్రము, నడుమ గిన్నెవంటి పల్లము. ఈ పల్లములోనికే 1933లో ఓడరేవు వచ్చెను. 1941లో సింధియా కంపెనీవారి నౌకానిర్మాణశాలకు బాబూ రాజేంద్రప్రసాదుగారు శంకుస్థాపన చేసిరి. 1957లో కాల్టెక్సువారి నూనెశుద్ధి కర్మాగారము, 1967లో ఎరువుల కర్మాగారము, తరువాత జింకు కర్మాగారము వచ్చినవి. ఏ కొండలు ఓడలను తుపానులనుండి కాపాడునని యింజనీర్లు మెచ్చుకొనిరో, ఆ కొండలే పొగకు చెఱసాల గోడలైనవి. బొగ్గు, ఇనుపరాయి దిగుమతి యెగుమతుల దుమ్ము పాతపట్టణపు టిండ్లలో గిన్నెలమీదను, ఆరవేసిన బట్టలమీదను పేరుకొనుట అచటివారు తరములుగ చెప్పుకొను మొఱ. 2009లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలివారు దేశములోని 88 పారిశ్రామిక ప్రాంతములను పరీక్షించి, నూటికి 70 మార్కులు దాటిన 43 ప్రాంతములను అతికలుషితములని ప్రకటించిరి. 70.82 మార్కులతో మన పట్టణము ఆ పట్టికలో చేరెను. ఇట్టి పల్లములో నివసించు జనులకు, ప్రక్క గోడకావల ఏమి నిలువచేయబడినదో తెలియుట ప్రాణావసరము.

ఆ సంగతిని 2020 మే 7వ తేదీ తెల్లవారుజామున మూడుగంటల వేళ గోపాలపట్టణము చెంతనున్న ఆర్.ఆర్. వెంకటాపురవాసులు తెలిసికొనిరి. అచటి పాలిమర్సు కర్మాగారము 1961లో హిందూస్థాన్ పాలిమర్సు పేర వెలసి, 1997లో కొరియా దేశపు ఎల్.జి. కెమ్ వారి యధీనమయ్యెను. దేశమంతట లాక్‌డౌను విధింపబడియుండుటచే నెలకు పైగా పని నిలిచియుండెను. ఒక తొట్టిలో నిలువయున్న స్టైరీను ద్రవము లోలోపల వేడెక్కి ఆవిరియై గోడ దాటెను. వెంకటాపురము, నందమూరినగరము, కంపరపాలెము, పద్మనాభనగరముల జనులు నిద్రలో నుండిరి. మేల్కొనినవారు కండ్లు మండుచు, ఊపిరాడక, పిల్లలనెత్తుకొని చీకటిలో పరుగిడి త్రోవలోనే కూలిపోయిరి. పరుగులో బావిలో పడి ప్రాణములు విడిచినవారును కలరు. పండ్రెండుగురు మరణించిరి. వందలకొలది జనులు ఆస్పత్రుల పాలైరి. కట్టుకొయ్యల యొద్దనే పశువులు చచ్చిపడియుండెను.

ఇది దైవికమా? రాష్ట్రప్రభుత్వము నియమించిన ఉన్నతాధికార సంఘము 2020 జూలై 6వ తేదీని సమర్పించిన నివేదికను చదివినవారు ఆ మాట నుచ్చరింపజాలరు. తొట్టిలో ఉష్ణమును కొలుచు సాధనము అడుగునమాత్రమే యుండెను. పైపొరల వేడిమి తెలియు మార్గము లేదు. ద్రవము గడ్డకట్టి వేడెక్కకుండ కలుపవలసిన రసాయనము చాలినంత కలుపబడలేదు. చల్లబఱచు యంత్రము దినమంతయు నడుపబడలేదు. అన్నిటికంటె బాధాకరమైన సంగతి మఱియొకటి. ఆపదను తెలుపు సైరనులు మ్రోగించు సాధనములు 36 చోట్ల నుండియు, ఒక్కటియు మ్రోగింపబడలేదు. సైరను మ్రోగించుటకు కోట్ల రూపాయలు కావలెనా? విదేశములనుండి నిపుణులు రావలెనా? ఒక చేయి, ఒక మీట, పొరుగువాడును మనుష్యుడే యను తలంపు చాలును. ఆ తలంపు లేకపోవుటయే యసలు ప్రమాదము.

మఱియొక సంగతి. ఆ కర్మాగారము తాను చేయుచున్న యుత్పత్తికి సరిపడు కేంద్రప్రభుత్వపు పర్యావరణానుమతి తన యొద్ద లేదని ఒక సంవత్సరము ముందే, 2019 మే నెలలో, ప్రమాణపత్రములో తానే యొప్పుకొని యుండెను. అయినను పని సాగెను; రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలి యనుమతులును సాగినవి. తరువాత కంపెనీ ముఖ్యాధికారి మొదలుగా పండ్రెండుగురు అరెస్టు చేయబడిరి. ముగ్గురు ప్రభుత్వోద్యోగులు సస్పెండు చేయబడిరి. జాతీయ హరిత ట్రిబ్యునలు మే 8వ తేదీననే స్వయముగ విచారణకు పూని, 50 కోట్ల రూపాయలు జమకట్టవలెనని కంపెనీ నాజ్ఞాపించెను. మృతుల కుటుంబములకు కోటి రూపాయల చొప్పున రాష్ట్రప్రభుత్వము ప్రకటించెను. తప్పొకరిది, సొమ్ము ముందుగ బయటికి వచ్చినది ప్రజల ఖజానానుండి! ఈ క్రమమును పాఠకులు మనసున నుంచుకొందురుగాక.

ఇక న్యాయసూత్రమును విచారింతము. ప్రమాదకరమగు వస్తువును తన భూమిలో నిలువచేసినవాడు, అది గట్టు దాటి పొరుగువానికి చెఱుపు చేసినచో నష్టము నిచ్చుకొనవలెనని 1868లో ఇంగ్లండు ప్రభువుల సభ రైలాండ్స్, ఫ్లెచరు వ్యాజ్యమున తీర్పు చెప్పెను. అది మరకొఱకు నీరు నిలువచేసిన చెఱువు తెగి, పొరుగువాని గనిలోనికి నీరు పాఱిన వ్యాజ్యము. ఆ సూత్రమునకు మినహాయింపులు పెక్కు గలవు: దైవఘటన యనవచ్చును, పరుల చేష్ట యనవచ్చును. మన దేశమున 1984 డిసెంబరులో భోపాలు ఘోరము జరిగెను. సరిగ నొక సంవత్సరమునకు, 1985 డిసెంబరు 4వ తేదీని, ఢిల్లీలో శ్రీరామ్ కర్మాగారమునుండి ఓలియము వాయువు వెలువడి ఒక న్యాయవాది మరణించెను. అప్పుడు ఎం.సి. మెహతాగారి వ్యాజ్యమున, ప్రధానన్యాయమూర్తి పి.ఎన్. భగవతిగారి యధ్యక్షతను గల అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనము 1986 డిసెంబరు 20వ తేదీని కొత్త సూత్రమును చెప్పెను. ప్రమాదకరమగు పరిశ్రమను లాభముకొఱకు నడుపువాడు, దానివలన గలిగిన హానికి ఏ మినహాయింపును లేకుండ సంపూర్ణ బాధ్యుడు. తగిన జాగ్రత్త తీసికొంటినని చెప్పినను చెల్లదు. కంపెనీ యెంత పెద్దదో, ఎంత సంపన్నమో, నష్టపరిహారమంత పెద్దదిగ నుండవలెను. పరాధీనపు దినములలో నేర్చుకొన్న సూత్రమును స్వతంత్రదేశపు న్యాయస్థానము సవరించి, తన ప్రజల యనుభవమునకు తగినట్లు మలచుకొనెను. గర్వింపదగిన సంగతి. కాని తీర్పు మరణానంతరము పనిచేయునది. సైరను మరణమునకు ముందు పనిచేయునది. మనకు ముఖ్యముగ కావలసినది రెండవది.

దానమునకు ఋణమునకు గల భేదమును మనకంటె ముందు నేర్చుకొన్న మఱియొక సముద్రతీరపు ఊరు జపాను దేశమున గలదు. దాని పేరు మినమాట. అచటి చిస్సో కంపెనీవారి రసాయన కర్మాగారము ఆ ఊరికి జీవనాధారము. కర్మాగారపు మురుగునీటితోపాటు పాదరసపు విషము అఖాతములో కలిసి, చేపలలో చేరి, చేపలు తిన్న పిల్లులను, పిమ్మట మనుష్యులను పట్టెను. చేతులు వణకుట, నడక తడబడుట, చూపు సన్నగిల్లుట, మాట పడిపోవుట దాని లక్షణములు. 1956 మే నెలలో ఆ వ్యాధి అధికారికముగ గుర్తింపబడెను. 1959లో కంపెనీ వైద్యుడే కర్మాగారపు మురుగును పిల్లికి పెట్టి పరీక్షింపగా దానికి ఆ వ్యాధియే వచ్చెను. కంపెనీ యా ఫలితమును దాచెను. ఆ సంవత్సరాంతముననే వ్యాధిగ్రస్తులతో ఒక యొడంబడిక చేసికొనెను. చచ్చినవారికింత, బ్రతికియున్నవారికి ఏటేట ఇంత యని సొమ్ము. దానికి పెట్టిన పేరు నష్టపరిహారము కాదు. రోగిని చూడబోవునపుడు చేతిలో పెట్టు పరామర్శ సొమ్మని యర్థమిచ్చు పేరు. వ్యాధికి తమ మురుగే కారణమని మున్ముందు రుజువైనను మఱి యేమియు నడుగరాదని యందొక షరతు! బీద చేపలవారు వ్రేలిముద్రలవంటి సంతకములు చేసిరి. విషము 1968 వఱకు సముద్రమున కలియుచునే యుండెను.

1973 మార్చిలో కుమమోటో న్యాయస్థానము ఆ యొడంబడిక లోకధర్మమునకు విరుద్ధము గనుక చెల్లదని త్రోసివైచి, కంపెనీని బాధ్యునిగ నిర్ణయించెను. పదుమూడు సంవత్సరములకు పైగా! పరామర్శ సొమ్ము పుచ్చుకొన్న చేయి హక్కు నడుగుటకు చాపబడుటకు పదుమూడు సంవత్సరములకు పైగా పట్టెను. దానములో నిదియే కీడు. అది పుచ్చుకొనువానిని కృతజ్ఞునిగ జేయును. కృతజ్ఞుడు లెక్క యడుగుటకు సిగ్గుపడును. మన గోడలమీది పేర్లను చూచునపుడెల్ల మినమాట చేపలవారు జ్ఞప్తికి రావలెను.

ఇచట కొందఱు దేశాభిమానులు, "అది విదేశీయుల కంపెనీ, విదేశీయునకు మన ప్రాణములమీద దయ యెక్కడిది?" అందురు. ఆ వాదము వినుటకింపు గాని నిలువదు. 1997 సెప్టెంబరు 14వ తేదీని మన పట్టణముననే హిందూస్థాన్ పెట్రోలియమువారి నూనెశుద్ధి కర్మాగారమున మంటలు చెలరేగి సుమారు అఱువదిమంది మరణించిరి. అది మన ప్రభుత్వపు సంస్థ. 2024 ఆగస్టు 21వ తేదీని అచ్యుతాపురములోని ఎసెన్షియా ఔషధ కర్మాగారమున ద్రావకపు ఆవిరి ప్రేలి పదునేడుగురు మరణించిరి. అది ప్రైవేటు కంపెనీ. 2020 మే తరువాత నాలుగేండ్లకు, మన కూతవేటులోనే, ఇది జరిగినది. యజమాని జెండా యే రంగుదైనను ఆవిరికి రంగు లేదు. స్వదేశి యనగా మన సొమ్ము మనవారికి చేరుట మాత్రమే కాదు. మనవారి ప్రాణమునకు మన దేశమున విలువ యుండుట.

మఱికొందఱు, "ఇట్లు గుచ్చి గుచ్చి అడిగినచో పరిశ్రమలు వేఱు రాష్ట్రములకు పోవును, మన బిడ్డలకు పనులెట్లు?" అని భయపడుదురు. ఈ భయము త్రోసివేయదగినది కాదు. పరిశ్రమకు విశాఖ శత్రువు కాదు. "విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు" అని 1966లో తెలుగుదేశమంతయు లేచి, 32 మంది ప్రాణములర్పించి సాధించుకొన్న కర్మాగారము మన పట్టణమున గలదు. ప్రపంచమున కర్మాగారము వద్దని పోరాడినవారు పెక్కుమంది. కావలెనని ప్రాణమిచ్చినవారు మనవారు. కాని ఆ యుక్కునకు భూములిచ్చిన కుటుంబములలో అనేకులు ఆర్-కార్డులు చేతబట్టుకొని దశాబ్దములుగ ఉద్యోగములకై వేచియుండుటయు మన పట్టణపు చరిత్రయే. వారికొక వైద్యశిబిరము పెట్టినచో ఆ బాకీ తీఱునా? ఇక పనుల సంగతి. వెంకటాపురపు కర్మాగారము 2020 మే 7వ తేదీతో నిలిచిపోయెను. దానితో అచటి పనులును పోయినవి. జాగ్రత్త వలన మూతపడిన కర్మాగారములకంటె అజాగ్రత్తవలన మూతపడిన కర్మాగారమే మన కనులయెదుట నున్నది.

మహాత్ముడు ధనికునకు ధర్మకర్తృత్వమును బోధించెను. సంపద తనదని కాక, సమాజము తనయొద్ద నుంచిన ధర్మనిధియని భావించి నడపవలెనని దాని తాత్పర్యము. దీనిని మన పెద్ద వ్యాపారులు సభలలో తఱచు తలచుచుందురు. కాని ధర్మకర్త యనగా దాత యని వారు గ్రహించినట్లున్నది. 1882 నాటి ట్రస్టుల చట్టము నొకమాఱు చదివిన చాలును. ధర్మకర్త స్పష్టమగు లెక్కలుంచవలెను. లబ్ధిదారుడడిగినపుడెల్ల ఆ లెక్కలును, నిధి స్థితియును తెలుపవలెను. తన సొత్తును వివేకవంతుడెట్లు కాపాడుకొనునో యట్లు నిధిని కాపాడవలెను. చెఱుపు చేసినచో నష్టమునిచ్చుకొనవలెను. ఇందులో దానప్రసక్తి యెక్కడను లేదు. గాలి, నీరు, సముద్రము, పొరుగువారి యూపిరి — ఇవి కంపెనీ చేతిలో నుంచబడిన ధర్మనిధి. గుడి మాన్యమును హరించి గుడి ముందర చలివేంద్రము పెట్టిన ధర్మకర్తను మన పల్లెలలో ఏమందురో పాఠకులకు చెప్పనక్కఱలేదు.

లెక్కలు లేకపోలేదని కంపెనీలవారు చెప్పుదురు. నిజమే. స్టాకు మార్కెట్టులోని పెద్ద కంపెనీలు వేయింటికి, 2022-23వ సంవత్సరమునుండి, బాధ్యతను గూర్చిన వార్షిక నివేదికను సెబీ విధిగ జేసినది. అవి ఇంగ్లీషులో, మదుపరులకొఱకు వ్రాయబడునవి. వెంకటాపురపు కంపెనీ స్టాకు మార్కెట్టులో లేని ప్రైవేటు లిమిటెడు కంపెనీ. అట్టివానికి ఆ విధియు లేదు. మదుపరికి తెలియవలసినది తన సొమ్ము సంగతి. పొరుగువానికి తెలియవలసినది తన ప్రాణము సంగతి. భోపాలు తరువాత 1987లో ఫాక్టరీల చట్టమునకు చేర్చిన 41-బి సెక్షను, ప్రమాదములను గూర్చి చుట్టుప్రక్కల ప్రజలకు తెలుపవలెనని స్పష్టముగ శాసించెను. 1989 నాటి ప్రమాదకర రసాయనముల నియమములును అట్లే చెప్పినవి. 2020 మే నాటికి ఇవి యన్నియు అమలులోనే యుండెను. వెంకటాపురపు జనులకు మాత్రము స్టైరీను అను మాట ప్రాణములు పోయిన పిదప వార్తాపత్రికలలో తెలిసెను.

కాబట్టి మనము కోరవలసినవి ఏవి? మొదటిది: ప్రమాదకర వస్తువులు నిలువచేయు ప్రతి కర్మాగారపు వాకిటను, సమీపమునందలి వార్డు సచివాలయమునను, గ్రంథాలయమునను తెలుగులో నొక పలక యుండవలెను. ఏ వస్తువు, ఎంత నిలువ, దాని వాసన యెట్టిది, సోకినచో లక్షణములేవి, ఏ దిక్కునకు పోవలెను అని యందు వ్రాయబడవలెను. రెండవది: నెలకొకమాఱు, ముందుగ ప్రకటించిన దినమున, సైరను మ్రోగింపబడవలెను, కనీసము ఏటికొకమాఱు కార్మికులతోపాటు పొరుగు కాలనీల ప్రజలకును ఆపత్సమయపు అభ్యాసము జరుగవలెను. మూడవది: తనిఖీ యధికారుల నివేదికలు, ప్రాణనష్టము లేక తప్పిపోయిన చిన్న ప్రమాదముల వివరములతో సహా, ప్రకటింపబడవలెను. కంపెనీ తన దానముల పట్టికను ముద్రించు నెడల దాని ప్రక్కనే ఈ పట్టికను ముద్రింపవలెను. నాలుగవది: కర్మాగారమునకు ఇండ్లకు నడుమ ఖాళీ భూమిని విడిచి, దానిని ఎవరికిని లేఅవుట్లుగ అమ్మనీయరాదు. 1961లో ఊరికి వెలుపల నున్న కర్మాగారము 2020 నాటికి ఊరి నడుమకు వచ్చినదనిన, కర్మాగారము నడచి రాలేదు. అనుమతుల కాగితములు నడచివచ్చినవి. ఇందులో కంపెనీతోపాటు ప్రభుత్వమునకును వంతు గలదు. అయిదవది: విషవాయువు పీల్చినవారి యారోగ్యమును సంవత్సరములతరబడి పరీక్షించు భారము కంపెనీదే కావలెను, అది దానము పద్దులో వ్రాయబడరాదు.

ఈ కోరికలలో అసాధ్యమైనది, పరిశ్రమను తఱుమునది ఏదియు లేదు. రెండు పాళ్ల దానముకంటె వీనికి ఖర్చు తక్కువ. తక్కువ ఖర్చుగల దీనిని విడిచి ఎక్కువ ఖర్చుగల దానిని కంపెనీలేల కోరుకొనుచున్నవి? దానము చేయువాడు పై మెట్టున నిలుచును. లెక్క చెప్పువాడు జనులతో సమానమైన మెట్టున నిలువవలెను. కష్టమక్కడ నున్నది.

ఇప్పుడే యిది చెప్పుటకు కారణము గలదు. మన తీరమునకు కొత్త పరిశ్రమలు వెల్లువగ వచ్చుచున్నవి. నక్కపల్లిలో ఔషధ ముడిసరుకుల పార్కునకు, పూడిమడకలో హరిత హైడ్రోజను కేంద్రమునకు 2025 జనవరి 8వ తేదీని ప్రధానమంత్రి శంకుస్థాపన చేసిరి. ఆ యేడే నక్కపల్లి మండలపు రాజయ్యపేట మత్స్యకారులు ఆ పార్కు తమ సముద్రమునేమి చేయునో యని యాందోళనకు దిగిరి. వారిని అభివృద్ధి విరోధులని కొట్టివేయుట సులభము. వారడుగుచున్నది మినమాట చేపలవారు ఆలస్యముగ నడిగిన ప్రశ్న. వీరు ముందుగ నడుగుచున్నారు. ముందుగ నడుగుట నేరమా, వివేకమా?

పెద్ద ప్రాజెక్టులలో పెక్కింటికి 2006 సెప్టెంబరు 14వ తేదీ ప్రకటన ననుసరించి ప్రజాభిప్రాయ సేకరణ సభ జరుగవలెను. దానికి ముప్పది దినములు ముందుగ నోటీసు, స్థానిక భాషలో సంక్షిప్త నివేదిక యుండవలెను. ఆ సభలకు భూములు పోవువారు వత్తురు, ఉద్యోగములాశించువారు వత్తురు, కంపెనీవారు వత్తురు. చదువుకొన్న పట్టణవాసులు మాత్రము రారు. మఱునాడు పఠనమందిరమున కూర్చుండి పత్రికలో సభావిశేషములు చదివి పెదవి విఱతురు. ఈ యలవాటు మానవలెను. ప్రతి పఠనమందిరమును ఆ సంక్షిప్త నివేదికను తెప్పించి బల్లమీద నుంచవచ్చును. చదువనేర్చినవాడు చదువని పొరుగువానికి చదివి వినిపింపవచ్చును. న్యాయవాదులు, వైద్యులు, కళాశాలలోని రసాయనశాస్త్రోపాధ్యాయులు నలుగురు కలిసి పది ప్రశ్నలు వ్రాసి సభలో నడుగవచ్చును. జవాబులు సభావిశేషములలో నెక్కునట్లు పట్టుబట్టవచ్చును. రేపు న్యాయస్థానమున ఆ కాగితమే సాక్ష్యము.

పందిరి నిచ్చినవారికి నమస్కరింతము, నీరిచ్చినవారికి నమస్కరింతము. నమస్కరించి, లెక్క యడుగుదము. పౌరుడు యాచకుడు కాడు, కంపెనీ ప్రభువు కాదు. మన గాలిని, మన నీటిని, మన నిద్రను వాడుకొని లాభమార్జించువాడు మనకు ఋణపడియున్నాడు. ఆ ఋణమునకు మొదటి వాయిదా సత్యమును తెలుపుట. రెండవ వాయిదా హాని చేయకుండుట. హాని జరిగినచో పూర్తిగ చెల్లించుట మూడవది. ఈ మూడును తీర్చిన పిదప మిగిలినదానిలో నిచ్చునదే దానము. అంతకు ముందు గోడమీద వ్రాయబడిన ప్రతి పేరును తీఱని బాకీకి రసీదు మాత్రమే.